కనిపించని వేడి: నెవాడా లోయల్లో బోరు దించే ముందు వేసే లెక్కలు

అమెరికా జియోలాజికల్ సర్వే వాళ్లు 2008లో ఒక లెక్క బయటపెట్టారు. అక్కడి పశ్చిమ రాష్ట్రాల్లో అప్పటికే తెలిసిన జియోథర్మల్ వనరులతో, అంటే భూమి లోపలి వేడితో, 9,057 మెగావాట్ల కరెంటు తీయొచ్చట, ఇంకా ఎవరికీ దొరక్కుండా భూమిలో దాక్కున్నవాటితో మరో 30,033 మెగావాట్లు తీయొచ్చట. కంటికి కనపడనివాటిని చివరి 33 దాకా ఎలా లెక్కపెట్టారబ్బా అని నవ్వొస్తుంది గానీ, అదే రిపోర్టులో పక్కనే ఇంకో రెండు నంబర్లున్నాయి, వాటిని ఎవరూ పెద్దగా ఎత్తరు. ఆ దొరకనివాటి గురించే 95 శాతం నమ్మకంతో చెప్పమంటే కనీసం 7,917 మెగావాట్లు, 5 శాతం నమ్మకంతో అయితే 73,286. తక్కువకీ ఎక్కువకీ మధ్య తొమ్మిది రెట్ల తేడా. జియోథర్మల్ వెతుకులాటలో రిస్క్ అనేది మొత్తం ఈ తొమ్మిది రెట్ల సందులోనే కూర్చుని ఉంది.

జియోథర్మల్ అనగానే మనకి గుర్తొచ్చేది వేడినీటి బుగ్గలు, పొగలు కక్కే నేల, గంధకం వాసన. అలాంటి చోట పెద్దగా వెతికే పనుండదు, భూమే పిలిచి చెప్తుంది. కానీ నెవాడా, దాని చుట్టుపక్కల ఉన్న గ్రేట్ బేసిన్ ప్రాంతంలో ఇప్పటిదాకా తెలిసిన 400 పైచిలుకు జియోథర్మల్ సిస్టమ్స్‌లో, అంటే భూమి లోపల వేడినీళ్లు తిరిగే చోట్లలో, దాదాపు 40 శాతానికి నేల మీద ఒక్క బుగ్గ కూడా లేదు. చూస్తే ఎండిపోయిన గడ్డి, పొదలు, ఉప్పు తేలిన చవిటి నేల, అంతే. కింద కిలోమీటరో రెండు కిలోమీటర్లో వెళ్తే 150, 200 డిగ్రీల నీళ్లు. వీటినే అక్కడి జియాలజిస్టులు బ్లైండ్ సిస్టమ్స్ అంటారు.

ఎందుకు దాక్కుంటాయంటే, వేడినీళ్లు రాతి పగుళ్ల వెంట పైకొస్తాయి గానీ అన్నిసార్లూ నేల దాకా రావు. ఆ లోయల్లో వందల మీటర్ల మందాన ఇసుక, గులకరాళ్లు, బంకమట్టి పేరుకుని ఉంటాయి, పైకొచ్చిన వేడినీళ్లు దార్లోనే చల్లటి భూగర్భజలంలో కలిసిపోయి పక్కకి జారుకుంటాయి. తూర్పు నెవాడాలో ఇంకో చిక్కుంది. అక్కడ సున్నపురాయి పొరల గుండా చల్లటి నీళ్లు ఒక లోయ నుంచి ఇంకో లోయకి అడుగునుంచే పారుతూ, కిందనుంచి వచ్చే వేడిని కడిగేసి పట్టుకుపోతాయి. భూమిలోంచి ఎంత వేడి పైకొస్తోందో చూపే హీట్ ఫ్లో మ్యాప్‌లో అక్కడ పెద్ద చల్లటి మచ్చ కనిపిస్తుంది, దానికి యురేకా లో అని పేరు కూడా పెట్టారు. ఆ మచ్చ చూసి ఇక్కడ వేడి లేదులే అనుకుంటే పప్పులో కాలేసినట్టే, పైన కప్పిన దుప్పటి తడిసి ఉందంతే.

అందుకే పాతరోజుల్లో ఇలాంటివి చాలావరకు వేరే పని మీద వెళ్తే తగిలాయి. నెవాడాలో బ్లూ మౌంటెన్ అనే చోట బంగారం కోసం బోర్లు వేస్తుంటే వేడినీళ్లు వచ్చాయి. మెగ్గినెస్ హిల్స్‌లో ఇప్పుడు బుగ్గ లేదు గానీ ఒకప్పటి బుగ్గ వదిలేసిపోయిన సింటర్, అంటే వేడినీళ్లలోంచి పేరుకున్న సిలికా రాయి, పైన మిగిలి ఉంది, ఆ ఆధారం పట్టుకుని వెళ్తే ఇవాళ అక్కడ వంద మెగావాట్లు దాటిన ప్లాంట్ నడుస్తోంది. మన మణుగూరు సంగతీ ఇదే బాపతు, పగిడేరు దగ్గర బొగ్గు కోసం వేసిన బోర్లోంచి వేడినీళ్లు వాటంతటవే ఎగదన్నుకొచ్చాయి, ఆ నీళ్ల మీదే సింగరేణి వాళ్లు 20 కిలోవాట్ల చిన్న పైలట్ ప్లాంట్ పెట్టారు. అదృష్టం మీద దొరికినవి బాగానే ఉన్నాయి గానీ అదృష్టాన్ని నమ్ముకుని బ్యాంకు లోన్ ఇవ్వదు కదా. రెండు మూడు కిలోమీటర్ల పెద్ద బావి ఒక్కటి వేయాలంటే మిలియన్ల డాలర్లు పోయాలి, ఆ డబ్బు పెట్టాకే లోపల ఏముందో తెలుస్తుంది. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన రైతు కథ మన అనంతపురంలోనో నల్గొండలోనో ఎవర్ని అడిగినా చెప్తారు, ఇదీ అదే కథ, ఖర్చు మాత్రం వెయ్యింతలు.

ఈ గుడ్డి వేట మానేసి ఒక పద్ధతి పెడదామని అమెరికా ఇంధన శాఖ 2014లో ప్లే ఫెయిర్‌వే అనాలిసిస్ పేరుతో 11 ప్రాజెక్టులకి డబ్బులిచ్చింది. ఈ ఐడియా ఆయిల్ కంపెనీలది. ఒక్కో బావి గురించి కాకుండా మొత్తం ప్రాంతాన్ని పరుచుకుని, ఆయిల్ ఉండాలంటే ఏమేం కావాలో ఒక్కో మ్యాప్‌గా గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూడటం. జియోథర్మల్‌కి కావాల్సినవి ప్రధానంగా మూడు: వేడి, నీళ్లు, ఆ నీళ్లు తిరగడానికి రాతిలో సందు. ఇందులో గ్రేట్ బేసిన్‌లో వేడికి పెద్ద కరువు లేదు, అక్కడ భూమి పైపొర సాగి పల్చబడింది కాబట్టి కింద వేడి దగ్గరగానే ఉంటుంది. నీళ్లు కూడా ఏదో రకంగా ఉంటాయి. చిక్కంతా ఆ సందు దగ్గరే వస్తుంది, దాన్నే పర్మియబిలిటీ అంటారు, ఫెయిలైన బావుల్లో చాలావాటి కథ "వేడి బ్రహ్మాండంగా ఉంది, నీళ్లు మాత్రం రావట్లేదు" అనే ఉంటుంది.

మరి సందు ఎక్కడుంటుంది? ఫాల్ట్, అంటే రాతిపొరలు విరిగి జరిగిన పెద్ద పగులు, ఉన్నచోట అని ఎవరైనా చెప్తారు, కానీ నెవాడాలో ఫాల్ట్ లేని కొండ ఏదీ? యూనివర్సిటీ ఆఫ్ నెవాడా, రీనోలో జిమ్ ఫాల్డ్స్ టీమ్ ఏళ్ల తరబడి ఒక్కో సిస్టమ్ దగ్గరికీ వెళ్లి అది ఫాల్ట్‌లో ఏ భాగం మీద కూర్చుందో రాసుకున్నారు. అక్కడ తేలిన విషయం చాలామందిని ఆశ్చర్యపరిచింది. కొండ అంచు వెంట కనిపించే పెద్ద ఫాల్ట్, భూకంపాలొస్తే ఎక్కువ జరిగేది దాని మధ్యభాగమే, అక్కడ వేడినీళ్లు చాలా తక్కువ. ఒక ఫాల్ట్ ఆగిపోయి పక్కనుంచి ఇంకోటి మొదలయ్యే చోట సుమారు మూడోవంతు సిస్టమ్స్ ఉన్నాయి, ఫాల్ట్ కొసల దగ్గర పావువంతు దాకా, రెండు ఫాల్ట్‌లు కలుసుకునే కూడళ్లలో ఇంచుమించు ఐదోవంతు. పాత గుడ్డని పట్టి చింపితే చిరుగు మధ్యలో సాఫీగా పోతుంది, ఆగిన చోట మాత్రం పోగులు పోగులుగా విడిపోతుంది కదా, ఇదీ అంతే. పెద్ద ఫాల్ట్ మధ్యలో రాయి నలిగి నలిగి జిగట మట్టైపోయి దారి మూసేస్తుంది, కొసల్లో మాత్రం చిన్నచిన్న పగుళ్లు బోలెడు, పైగా ఒత్తిడి అక్కడే పోగుపడుతుంది కాబట్టి ఆ పగుళ్లు ఖనిజాలతో పూడిపోయినా మళ్లీ మళ్లీ తెరుచుకుంటుంటాయి.

ఈ ఒక్క గమనిక వల్ల రిస్క్ మ్యాప్ స్వరూపమే మారిపోయింది. అంతకుముందు ఫాల్ట్ ఎంత పెద్దదైతే అంత మార్కులు వేసేవాళ్లు.

మార్కులు కలిపే తీరు కూడా చూడాలి. ఒక చోట వేడి ఉండే అవకాశం 0.8, సందు ఉండే అవకాశం 0.4, నీళ్లుండే అవకాశం 0.7 అనుకుందాం. కూడి సగటు తీస్తే 0.63, ఇన్వెస్టర్‌కి చూపించడానికి భలే ఉంటుంది. కానీ మూడూ కలిసి ఉంటేనే పని జరుగుతుంది కాబట్టి గుణించాలి, అప్పుడు వచ్చేది 0.224, ఐదింటిలో ఒకటి కన్నా కాస్త మెరుగు. సగటు తీసే మ్యాప్‌లో ఒక మంచి మార్కు ఇంకో సున్నాని కప్పిపెట్టేస్తుంది, గుణిస్తే అది కుదరదు. అలాగని గుణకారం కూడా పూర్తిగా నిజాయితీ కాదు, ఎందుకంటే ఈ మూడూ ఒకదానికొకటి సంబంధం లేనివి అన్నట్టు అది లెక్కేస్తుంది, నిజానికి వేడిని పైకి మోసుకొచ్చేది ఆ సందే, సందు బాగుంటే వేడి మార్కు కూడా దానంతటదే పెరుగుతుంది.

ఫాల్డ్స్ టీమ్ మధ్య నెవాడా మీదుగా సుమారు 96,000 చదరపు కిలోమీటర్లు ఇలా గీసింది. ఫాల్ట్‌ల మ్యాప్, ఏ ఫాల్ట్ ఎంత ఈమధ్య కదిలింది, జీపీఎస్ స్టేషన్లు చూపించే భూమి సాగుదల, భూకంపాలు, గ్రావిటీ, బావుల్లో టెంపరేచర్, నీళ్ల కెమిస్ట్రీ అన్నీ పొరలు పొరలుగా. కెమిస్ట్రీ పొర ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది, నీళ్లలో ఎంత సిలికా కరిగి ఉందో, సోడియం పొటాషియం ఏ నిష్పత్తిలో ఉన్నాయో చూసి ఆ నీళ్లు కింద ఎంత వేడిలో ఉండి వచ్చాయో వెనక్కి లెక్కేయొచ్చు, చల్లారిపోయాక కూడా కొంతకాలం ఆ గుర్తు చెరిగిపోదు. ఆ పెద్ద మ్యాప్ లోంచి ఐదు చోట్లు ఎంచి దగ్గరగా చూసి, చివరికి రెండు లోయల్లో సన్నటి టెస్ట్ బోర్లు వేశారు, గ్రానైట్ స్ప్రింగ్స్ వ్యాలీ, గాబ్స్ వ్యాలీ. రెండు చోట్లా పైన వేడినీటి బుగ్గ లేదు.

గాబ్స్ వ్యాలీలో జరిగింది ఒక్క నిమిషం ఆగి చూడాలి. మామూలు భూమిలో కిలోమీటరు లోతుకి సుమారు 30 డిగ్రీలు పెరుగుతుంది, ఆ లెక్కన 150 మీటర్ల బోర్లో పైకన్నా నాలుగైదు డిగ్రీలు ఎక్కువుండాలి, చేయి పెడితే తేడా కూడా తెలీదు. అక్కడ మాత్రం సుమారు 150 మీటర్ల దగ్గరే టెంపరేచర్ 120 డిగ్రీలు దాటింది. అంటే పైన బల్లి కూడా పట్టించుకోని ఆ నేలలో, ఒక యాభై అంతస్తుల బిల్డింగ్‌ని తలకిందులుగా పాతిపెడితే దాని అడుగున, నీళ్లు ప్రెషర్ లేకపోతే మరిగి ఆవిరైపోయేంత వేడి ఉంది. మ్యాప్ చూసి, ఇక్కడ వేయండి అని వేలు పెట్టి చూపించిన చోట.

ఆ టెస్ట్ బోర్లకి కూడా ముందు ఇంకో చవక పని ఒకటుంటుంది. రెండు మీటర్ల స్టీలు గొట్టాన్ని సుత్తి మెషీన్‌తో నేలలోకి దిగ్గొట్టి, లోపలికి టెంపరేచర్ సెన్సార్ జార్చి, దిగ్గొట్టినప్పుడు పుట్టిన వేడి చల్లారేదాకా ఓ గంట వదిలేసి, రీడింగ్ తీసుకుని, గొట్టం పీకి ముందుకెళ్లిపోవడం. నాలుగు చక్రాల బండి మీద ఇద్దరు తిరుగుతూ రోజుకి బోలెడు పాయింట్లు చేసేయొచ్చు. రెండు మీటర్లే ఎందుకంటే, పగటి ఎండ రాత్రి చలి ప్రభావం అంత లోతుకి దిగదు, కాలాన్ని బట్టి వచ్చే మార్పుని విడిగా సరిచేసుకోవచ్చు. నెవాడాలోని టీల్స్ మార్ష్ లాంటి, బోరాక్స్ అనే ఉప్పు తేలిన చవిటి నేలల్లో ఇలాగే వేడి మచ్చలు బయటపడ్డాయి. బోరాక్స్ తేలింది అంటే అదీ ఒక గుర్తే, వేడినీళ్లు కిందనుంచి బోరాన్‌ని మోసుకొస్తుంటాయి.

ఇక మాగ్నెటోటెల్యురిక్స్, అందరూ ఎంటీ అంటారు. భూమిలో సహజంగా ఉండే విద్యుదయస్కాంత తరంగాలని పట్టి, కింద ఏ పొర కరెంటుని ఎంత బాగా పోనిస్తుందో గీసే సర్వే. వేడి సిస్టమ్ పైన స్మెక్టైట్ అనే బంకమట్టి టోపీలా ఏర్పడుతుంది, అది కరెంటుని బాగా పోనిస్తుంది, ఇంకా కిందకెళ్లి వేడి పెరిగితే అదే మట్టి ఇలైట్‌గా మారిపోయి పోనివ్వదు. కాబట్టి ఎంటీ బొమ్మలో బోర్లించిన గిన్నె లాంటి ఆకారం కనిపిస్తే జనానికి ప్రాణం లేచొస్తుంది. ఇబ్బందేంటంటే, నెవాడా లోయలు ఒకప్పుడు పెద్ద పెద్ద చెరువులు, ఆ చెరువుల అడుగు బురద, ఉప్పునీళ్లు కూడా ఎంటీకి సేమ్ టు సేమ్ అలాగే కనిపిస్తాయి. అగ్నిపర్వతాల ప్రాంతంలో బాగా పనిచేసిన సర్వేని ఇక్కడికి తెచ్చి అదే ధీమాతో చదివితే చెరువు బురదలోకి బావి దించినట్టే.

టెంపరేచర్ కూడా అబద్ధం చెప్తుంది, అదింకా బాధ. 150 మీటర్ల దగ్గర 120 వచ్చింది కదా అని గీతని అలాగే కిందకి పొడిగిస్తే కిలోమీటరు దగ్గర ఊహకందని నంబర్ వస్తుంది, అలా ఎప్పుడూ జరగదు. వేడినీళ్లు ఎక్కడో పైకొచ్చి, పైపొరల్లో పక్కకి పారుతూ ఈ బోరు మీదుగా పోతుండొచ్చు, అప్పుడు ఆ పొర దాటి కిందకి వెళ్లేకొద్దీ టెంపరేచర్ తగ్గడం మొదలవుతుంది. అసలు పైకొచ్చే చోటు కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. ఇల్లంతా సాంబారు వాసనొస్తోంది కదా అని హాల్లో కూర్చుని గిన్నె వెతుక్కున్నట్టుంటుంది పరిస్థితి. అందుకే ఒక్క వేడి బోరు దొరికితే పండగ చేసుకోరు, చుట్టూ ఇంకో నాలుగైదు వేసి వేడి ఎటునుంచి ఎటు పారుతోందో గీసుకుంటారు.

ఇప్పుడు మెషీన్ లెర్నింగ్ సంగతి. ఇన్ని పొరలున్నప్పుడు మనిషి మార్కులు వేయడం ఎందుకు, కంప్యూటర్‌కే ఇచ్చేద్దాం అని నెవాడా టీమ్, జియోలాజికల్ సర్వే ఇద్దరూ ప్రయత్నించారు. ఫలితాలు బాగానే ఉన్నాయి, నిపుణుల మ్యాప్‌కి దగ్గరగానే వచ్చాయి. కానీ ఇక్కడో మౌలికమైన లోటుంది. మోడల్ నేర్చుకోవాలంటే ఉన్నచోట్లు కావాలి, లేనిచోట్లు కూడా కావాలి. ఉన్నచోట్లు వందల్లో ఉన్నాయి, అదే ప్రాంతాన్ని గళ్లుగా కోస్తే గళ్లు లక్షల్లో ఉంటాయి. లేనిచోటు అని గుండె మీద చేయేసి చెప్పగలిగేది ఎక్కడ? లోతుగా బోరు వేసి చల్లగా ఉందని చూసిన చోట మాత్రమే, అవి గుప్పెడు. మిగతావన్నీ ఎవరూ చూడనివి. చూడని గడిని లేదు అని లేబుల్ పెట్టి ట్రైనింగ్ ఇస్తే, ఏ దాక్కున్న సిస్టమ్ కోసం వెతుకుతున్నామో దాన్నే లేదు అని కంప్యూటర్‌కి నేర్పినట్టవుతుంది. ఇంకా, తెలిసిన సిస్టమ్స్‌లో ఎక్కువభాగం బుగ్గలున్నవే, వాటిని చూసి నేర్చుకున్న మోడల్ బుగ్గలుండే లాంటి చోట్లనే ఇష్టపడుతుంది. తాళం చెవి పోయింది చీకట్లో, వెతికేది దీపం కింద, ఇప్పుడు ఆ దీపానికి కంప్యూటర్ కూడా పెట్టారన్నమాట.

దీనికి కొంత మందుంది. బేయేసియన్ న్యూరల్ నెట్‌వర్క్ లాంటివి ఒక్క నంబర్ ఇచ్చి ఊరుకోకుండా ఆ నంబర్ మీద తనకెంత నమ్మకముందో కూడా చెప్తాయి. అప్పుడు రెండు మ్యాప్‌లు వస్తాయి, ఒకటి అవకాశం ఎంత అని, రెండోది ఆ మాట ఎంత గట్టిది అని. ఈ రెండో మ్యాప్ లేకుండా మొదటి మ్యాప్ అమ్మేవాళ్లని నమ్మకూడదు, ఇందులో మొహమాటానికి పోవాల్సిన పనిలేదు. మామూలు రంగుల మ్యాప్‌లో నీలం అంటే రెండు అర్థాలు కలిసిపోయి ఉంటాయి: చూశాం, లేదు అని ఒకటి, అసలు చూడలేదు అని ఒకటి. మొదటిదాని మీద డబ్బు పెట్టడం దండగ. రెండోదాని మీద మాత్రం కొంచెం డబ్బు పెట్టి చూడటమే తెలివైన పని, యురేకా లో లాంటి చోట ఉన్న నీలం ఈ రెండో రకమే కావొచ్చు.

ఎంత కొంచెం? చిన్న లెక్క వేసి చూద్దాం, నంబర్లు ఊహించుకున్నవే. బావి ఖర్చు 6 మిలియన్ డాలర్లు, సక్సెస్ అయితే ఖర్చులు పోను 25 మిలియన్ల విలువ, అవకాశం 20 శాతం. నేరుగా వేసేస్తే సగటున వచ్చేది 5 లోంచి 4.8 తీసేస్తే 0.2 మిలియన్, అంటే దాదాపు జూదం. ఇప్పుడు 0.5 మిలియన్ పెట్టి ఒక సర్వే చేద్దాం, అదేమీ గొప్ప సర్వే కాదు, నిజంగా ఉంటే 80 శాతం సార్లు ఉందంటుంది, లేకపోయినా 30 శాతం సార్లు ఉందనేస్తుంది. అలాంటి సర్వే ఉందంటే అవకాశం 20 నుంచి 40 శాతానికి పెరుగుతుంది, లేదంటే 7 శాతం లోపుకి పడిపోతుంది. ఉందన్నప్పుడే బావి వేసేలా నియమం పెట్టుకుంటే, సర్వే ఖర్చు తీసేశాక కూడా సగటు రాబడి సుమారు 2 మిలియన్. పదింతలు. సర్వే వల్ల కింద ఉన్న వేడి ఒక్క డిగ్రీ కూడా పెరగలేదు, వేయకూడని బావులు కొన్ని ఆగాయి, డబ్బంతా అందులోంచి వచ్చిందే. అప్పటికే అవకాశం 90 శాతం ఉన్నచోట మాత్రం అదే సర్వే చేయిస్తే దండగే, ఎటొచ్చినా బావి వేస్తారు కాబట్టి.

బ్యాంకులు మాత్రం ఇంత సూక్ష్మంగా చూడవు. ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ 2013లో ప్రపంచవ్యాప్తంగా 2,600 పైచిలుకు జియోథర్మల్ బావుల రికార్డులు తీసి చూస్తే, అన్వేషణ దశలో వేసిన బావుల్లో 59 శాతం, ప్లాంట్ నడుస్తున్న దశలో వేసినవాటిలో 83 శాతం సక్సెస్ అయ్యాయి. 59 చూసి పర్లేదే అనిపిస్తుంది గానీ అవి ఎక్కువగా కరెంటు దాకా వచ్చిన ఫీల్డ్స్ లెక్కలు, మొదటి బావితోనే మూటాముల్లె సర్దుకున్న చోట్లు ఆ లిస్టులో ఎక్కడుంటాయి? తూర్పు ఆఫ్రికాలో ఈ మొదటి బావి భయాన్ని తగ్గించడానికి ఆఫ్రికన్ యూనియన్, జర్మనీ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ కలిసి 2012లో ఒక ఫండ్ పెట్టాయి, పైపై సర్వేలకి 80 శాతం, అన్వేషణ బావులకి 40 శాతం దాకా గ్రాంటు ఇస్తారు. సర్వేకి ఎక్కువ, బావికి తక్కువ, పైన వేసిన లెక్కకి సరిగ్గా సరిపోయే వరస.

బావి దొరికాక కూడా రిస్క్ పోదు. బంగారం బోర్లలో వేడినీళ్లు తగిలిన బ్లూ మౌంటెన్‌లో 2009లో దాదాపు 50 మెగావాట్ల ప్లాంట్ పెట్టారు. వాడిన నీళ్లని తిరిగి భూమిలోకి పంపితే అవి అనుకున్నదానికన్నా తొందరగా వేడి బావుల వైపు తిరిగొచ్చి చల్లబరిచాయి, అంత కరెంటు ఎప్పుడూ నిలకడగా రాలేదు, ప్లాంట్ చేతులు మారింది. ఉందా లేదా అనేది మ్యాప్ చెప్పగలదు, ఎంత ఉంది ఎన్నాళ్లుంటుంది అనేది నీళ్లు తోడి చూస్తేనే తెలిసేది.

మన దేశంలో చూస్తే జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1991 అట్లాస్‌లో 340 వేడినీటి బుగ్గలు లెక్కేసింది, 2022 నాటికి అవి 381 అయ్యాయి. దేశం మొత్తానికి తరచుగా చెప్పే 10,600 మెగావాట్ల అంచనాకి పునాది కూడా ఈ బుగ్గల సర్వేలే. హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు ఎంటీ సర్వే చేసిన లడఖ్ పూగా లోయ కూడా బుగ్గలు పొగలు కక్కే చోటే. అంటే మన దగ్గర మొదటి మ్యాపే ఉంది, అదీ బుగ్గల మ్యాప్, నెవాడాలో 40 శాతం సిస్టమ్స్‌ని మిస్సయ్యేలాంటి మ్యాప్. గోదావరి లోయ మాత్రం ఇందులో వింత కేసు, అక్కడ భూమి సాగి కుంగిన పాత పగుళ్లున్నాయి, అంతకన్నా ముఖ్యంగా బొగ్గు కోసం వేసిన బోర్లు ఇబ్బడిముబ్బడిగా ఉన్నాయి. రంధ్రం వేయడమే ఖర్చు, అది ఎలాగూ అయిపోతోంది, ఇంకా వేస్తూనే ఉంటారు. అందులోకి థర్మామీటర్ దించడానికి అయ్యేది ఒక పూట కూలి. ఒక్కటే జాగ్రత్త, డ్రిల్లింగ్ ఆపిన వెంటనే దించితే అది చెప్పేది బోర్లో పోసిన నీళ్ల టెంపరేచర్, రాయిది కాదు. రిగ్ వెళ్లిపోయాక బోరుని పూడ్చకుండా కొన్ని వారాలు వదిలేసి, అప్పుడు మళ్లీ ఒక మనిషిని పంపాలి.